వేయించిన చింతగింజలు

నా పేరు శ్రీరామప్ప. నాయన పేరు అంకప్ప. ఊరు వేప్పనపల్లి. వయసు డెబ్బై ఉంటాది, మా అమ్మ సరిగ్గా చెప్పకనే పోయింది. సేద్యం. మూడో క్లాసు చదివినాను, సంతకం వస్తాది. చచ్చిపోయిన గంగప్ప తోలుబొమ్మలు ఆడించేవాడు. నలభై ఏండ్లుగా నా జతగాడు.

1961 నవంబరు 4, శనివారం. ఇంకమీద జాత్రలో బొమ్మలాటా, డ్రామానా, జనాన్నే అడగాలని జాత్ర పెద్ద జయరామప్ప అన్నాడు. "నోటిమాట వద్దు, లెక్క కావాల" అన్నాడు. సాయంత్రం ఆరుకి చావిడి కాడ కుండ పెట్టినారు. డ్రామాకి చింతగింజ, బొమ్మలాటకి అనపగింజ, మనిషికి ఒకటే. కుండకి కావిలి నన్ను పెట్టినారు. వాళ్లు చేసిన తప్పు అదే.

గంగప్ప వచ్చి అనపగింజ వేసినాడు. "ఏమప్పా, నీకు నువ్వొకడివే వేసుకున్నట్టుండాది" అంటి. "పోరా ముసలి కోతీ" అని నవ్వినాడు. తిరిగి తిరిగి కుండ దిక్కే చూస్తా పోయినాడు.

చప్పరించేదానికి నా పంచ మడతలో వేయించిన చింతగింజలుండె. రెండు పిడికిళ్లు కుండలో వేసినాను. ఎగతాళికే అయ్యా. వేయించింది నల్లగా పగిలుంటాది, పచ్చిది నున్నగా ఉంటాది. పొద్దున కుమ్మరిస్తానే అందరూ చూస్తారు, నన్ను తిట్టి నవ్వుతారు అనుకొంటి.

ఆదివారం ఏడు గంటలకి జయరామప్ప ఎంచినాడు. చింతగింజలు 318. అనపగింజలు 241. ఆయన ఎంచినాడే గాని చూడలేదు. ఎవరూ చూడలేదు. నేను నోరు తెరిస్తే, "తాతా, నీ ఎగతాళి ఈ పొద్దు వద్దు" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. గంగప్పని ఇంకొంచేపు ఉడికించి, మాపుకి చెప్పుదామనుకొంటి.

బొమ్మకి ఆయుస్సు తీరితే ఏట్లో వదిలేది బొమ్మలాటోళ్ల ఆచారం. పదకొండు గంటలకి గంగప్ప పెండ్లాము రంగమ్మ వచ్చె. "అన్నా, ఆయన పెట్టె ఎత్తుకొని ఏటికి పోయినాడు. ఒక్క బొమ్మా చినగలేదే!" అనె. నేను ఉరికినాను. నేను పోయేతలికి మడుగులో బొమ్మలు తేలతా ఉండె. గంగప్ప తేలలేదు. రెండు గంటలకి తీసినారు.

ఆ కుండ ఈ ఠాణాకి తెచ్చినాను, మీ మేజా మింద ఉండాది. వేయించినవి ఏరినాను, 112. పచ్చివి 206. మూడుసార్లు ఎంచినాను. 206, 241. గంగప్పే గెలిచినాడు.

ఈ మాట రంగమ్మకి మీరే చెప్పండయ్యా. నేను చెప్తే ఎగతాళి అనుకొంటాది.

రాసింది చదివి వినిపించినారు. అంతా నేను చెప్పిందే, అంతా నిజమే. ఇందులో ఎగతాళి లేదు.

6-11-1961
చెయ్యి నిలవక సంతకం కుదరలేదు. ఎడమ బొటనవేలి ముద్ర: శ్రీరామప్ప