నిద్రపోయాడని రాసింది నేనే

హలో… ఆ, నేనే. చెప్పు బావా.

…లేదు, షాపులోనే ఉన్నా. వెనక గదిలో, సెలైన్ డబ్బాల మీద కూర్చున్నా. భోజనం టైము, ఇంకో ఇరవై నిమిషాలు ఎవరూ పిలవరు… తిన్నాలే. సగం.

…మూడుసార్లు కాదు, నాలుగుసార్లు చేశా. నువ్వెత్తితేగా! …సెలవు రోజు కూడా పడుకోనివ్వనా? ఒకప్పుడు మరదలు ఫోనంటే ఒక్క రింగుకే ఎత్తేవాడివి… సరే, సరే. నవ్వే ఓపిక నాకూ లేదు. పొద్దున్నుంచీ కౌంటర్ దగ్గర నిలబడి కాళ్ళు దిమ్మెక్కిపోయాయి. విను.

మిల్లులో బాయిలర్ పేలి నలభై ఏళ్ళయిందని పోయిన నెల మీ పేపర్లో రాశావే… అది. …బాగానే రాశావ్, కాదనను. అందులో ఒక్క వాక్యం. ‘ఆ సమయంలో బాయిలర్ చూసుకోవాల్సిన మనిషి నిద్రపోతున్నాడు.’ అది నీకెక్కడిది?

…గుర్తు లేదా? గుర్తు చేసుకో.

…ఆ. ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలోంచి తీశావ్. అనుకున్నా. …అందరూ చూసేదే, నేను తప్పు పట్టట్లేదు. ఆ పేజీ ఎవరు రాశారో చూశావా? …‘మందుచీటీ’ అని ఉంటుంది.

నేనే బావా, మందుచీటీని.

…నవ్వకు. అక్కడ ఎవరూ సొంత పేర్లతో ఉండరు. నేను పొద్దస్తమానం చూసేవి మందుల చీటీలే కదా, అదే పెట్టుకున్నా. …నువ్వేగా అన్నావ్! ‘సాయంత్రాలు టీవీ ముందు కూలబడే బదులు అందులో ఏదో ఒకటి రాయి, ఎవరైనా రాయొచ్చు’ అని. చేరాను. మన మిల్లు గురించి ఒక్క ముక్క లేదక్కడ. నాన్న పనిచేసిన మిల్లు, నాన్న పోయిన మిల్లు… మూడు వారాలు కూర్చుని రాశా. మీకు చెప్తే అక్కా నువ్వూ తప్పులు దిద్దుతారని చెప్పలేదు.

…నాకెవరు చెప్పారంటే? అమ్మ. ఇంకెవరు? నాకు ఆరేళ్ళు అప్పుడు. అన్నం పెడుతూ అదే మాట, జడ వేస్తూ అదే మాట. ‘ఆ దరిద్రుడు నిద్రపోబట్టే మీ నాన్న పోయాడు.’ నాకది ఎవరో చెప్పిన మాటలా ఎప్పుడూ అనిపించలేదు బావా. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నట్టే. రాసేశా.

…ఆ, పక్కన గుర్తు పెట్టారు. ‘ఆధారం కావాలి’ అని. పెట్టింది గోడగడియారం… మనిషే. అక్కడ పాతకాపు. ఎవరో, ఏం చేస్తారో తెలియదు. చర్చా పేజీలో రాశాక చివర నాలుగు వంకర గీతలు కొట్టాలని, కొడితేనే కింద మన పేరు పడుతుందని నాకు నేర్పింది ఆయనే. నేను మర్చిపోతుంటే పదకొండుసార్లు చెప్పాడు, విసుక్కోకుండా. నాలాంటి దానితో వేగడమంటే తల ప్రాణం తోకకొచ్చి ఉంటుంది.

…వస్తున్నా, అక్కడికే వస్తున్నా. నా వాక్యానికి ఆధారం లేదన్నారా? ఇంతలో నీ వ్యాసం అచ్చయింది. ఇంకెవరో కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని తెచ్చి తగిలించారు. ‘పత్రికలో వచ్చింది, ఇదిగో ఆధారం.’ అంతే. నా మాట నువ్వు ఎత్తుకున్నావ్. నువ్వు ఎత్తుకున్నావు కాబట్టి నా మాట నిజమైపోయింది. అర్థమైందా?

…ఊ. నాక్కూడా అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

…చెరిపేశా. చెరపకుండా ఉంటానా? పది నిమిషాల్లో మళ్ళీ పెట్టేశారు. ‘ఆధారమున్న వాక్యాన్ని కారణం లేకుండా తీసేశారు’ అని. అయ్యా, రాసింది నేనే, అది తప్పు అన్నాను. ఒకసారి రాశాక అది మీది కాదన్నారు. …రూలేలే. మంచి రూలే. నా మెడకి చుట్టుకుంది గానీ.

…తప్పని ఎలా తెలిసిందంటే, ఆయన కూతురు రాసింది. బాయిలర్ మనిషి కూతురు, చర్చా పేజీలో. ‘మా నాన్న ఆ రోజు నిద్రపోలేదు. దయచేసి ఇది రాసినవారు నాతో ఒకసారి మాట్లాడండి.’ ఆ అమ్మాయి కూడా వంకర గీతలు కొట్టడం మర్చిపోయింది.

…బతికే ఉన్నాడు బావా. ఎనభై ఒకటి.

…నేనూ అదే అనుకున్నా. ఎప్పుడో పోయుంటాడని. బతికున్నాడని తెలిస్తే రాసేదాన్నా? …ఏమో. రాసేదాన్నేమో. అమ్మ మాట అలా నాటుకుపోయింది.

వెళ్ళాను. మూడో అంతస్తు, మెట్లు. ఒక గది, ఒక వంటిల్లు. తలుపు ఆయనే తీశాడు, మోచేత్తో. రెండు చేతులూ మణికట్టు దాకా ముడుచుకుపోయి ఉన్నాయి, కాలిపోయి… నలభై ఏళ్ళ కిందటి కాలడం. నేనెవరో చెప్పగానే ఏం అడిగాడో తెలుసా? ‘మీ అమ్మ బాగుందామ్మా?’ అన్నాడు.

…

ఆగు బావా. నీళ్ళు తాగుతున్నా.

వాళ్ళ మనవరాలి క్లాసులో టీచరు ఆ పేజీ తెర మీద వేసి చదివించిందట. చదివింది ఆ పిల్లే. ఆ బాయిలర్ మనిషి వాళ్ళ తాతే అని క్లాసులో ఒక్కళ్ళకే తెలుసు, చదువుతున్న ఆ పిల్లకి. నా వాక్యం, బావా. దానికి తోడు నీ పేపరు ముక్క కింద. ఆయన అప్పట్నుంచీ లైబ్రరీకి వెళ్ళడం మానేశాడట. రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాడు.

…అందుకే చేశా నీకు. సవరణ వెయ్యి. మీ పేపర్లో.

…తెలుసు. మీ ఎడిటరు ఒప్పుకోడు, నలభై ఏళ్ళ నాటి గొడవ, ఎవరికి కావాలంటాడు. ఆయనకి కావాలి కదా? …ఊరికే అడగట్లేదు, కాగితం ఉంది. విచారణ రిపోర్టు. కార్మిక శాఖ ఆఫీసులో, పాత రికార్డుల గదిలో. మూడు శనివారాలు తిరిగా. మొదటి రెండుసార్లూ తాళం లేదన్నారు. మూడోసారి నేను ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయేసరికి ఎక్కడో దొరికింది తాళం.

…ఫోటోలు తీసుకోనిచ్చారు. ఇరవై ఆరు పేజీలు. కానీ అది ఎక్కడా అచ్చు కాలేదు బావా, టైపు కాగితాలు. గోడగడియారాన్ని అడిగా. అచ్చు కానిది పేజీలో చెల్లదన్నాడు. ఏదైనా పత్రిక చూసి, అందులో ఏముందో రాస్తే చెల్లుతుందన్నాడు. పత్రిక అంటే నాకు నువ్వే దిక్కు.

…చెప్తా. ఆవిరి ఎక్కువైతే దానంతటదే బయటికి పోవడానికి బాయిలర్‌కి ఒక వాల్వు ఉంటుంది కదా. అది కారుతోంది. ఒత్తిడి నిలవట్లేదు, పని మందగించింది. కొత్తది వచ్చేదాకా తీగతో బిగించి కట్టెయ్యమన్నాడు మేనేజరు. కట్టేశారు. ఇది ప్రమాదమని బాయిలర్ మనిషి డ్యూటీ పుస్తకంలో రెండుసార్లు రాశాడు, సంతకం పెట్టాడు. ఆ రోజు ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీత దాటడం చూసి, లోపలివాళ్ళని బయటికి రమ్మని అరుస్తూ పరిగెత్తాడు. అందుకే అతను బాయిలర్ దగ్గర లేడు. అందుకే బతికాడు. ఉండాల్సిన చోట లేడు, బతికాడు… ఇంకేముంది, ఎక్కడో పడుకున్నాడని జనం తేల్చేశారు. ముప్ఫై మంది అతని కేక విని బయటికొచ్చారని ఉంది అందులో. పదకొండు మంది రాలేదు.

…మేనేజరు పేరుందిగా, అందుకే బీరువాలో పడేశారు. మిల్లు మూసేశారు. బాయిలర్ ఆయన్ని తప్పు చేశావనీ అనలేదు, చెయ్యలేదనీ అనలేదు.

…ఎవరు కట్టారంటే… మిల్లు వాళ్ళే. మేనేజరు చెప్తే. …ఎవరైతే ఏంటి? …ఫిట్టరు, బావా. ఫిట్టరు కట్టాడు.

…మిల్లులో ఫిట్టర్లు ఎంతమందంటావా?

ఒక్కడే.

…

ఆ. నాన్నే.

…పేరుంది. పంతొమ్మిదో పేజీలో. మొదట ఇంకెవరో అనుకున్నా. ఇంటిపేరు చూశాక ఇంకెవరనుకోను?

…ఆయనకి తెలుసు. చెప్పానుగా, మూడో అంతస్తు ఆయనకి. నలభై ఏళ్ళూ తెలుసు. విచారణలో అడిగారు కాబట్టి చెప్పాడట, బయట ఎవరితోనూ అనలేదు. రిపోర్టు చదివాక మళ్ళీ వెళ్ళి, ఎందుకు అనలేదని అడిగా. ‘పోయినవాడమ్మా. వెనక ఇద్దరు ఆడపిల్లలు. మీ అమ్మకి మిల్లు వాళ్ళ ఇంకో ఫ్యాక్టరీలో పని ఇచ్చారు. నేనేదో అంటే అది కూడా పోతుందేమో అని’ అన్నాడు. మేం తిన్న ప్రతి ముద్దకీ ఆయన నోరు మూసుకుని ఉన్నాడు బావా.

…అదీ ఆలోచించా. ‘ఆ వాక్యం ప్రచురించినందుకు చింతిస్తున్నాం’, రెండు లైన్లు, నాన్న ఊసు లేకుండా. నీ మంచితనం. నాకూ అదే కావాలనిపించింది, అబద్ధం ఎందుకు. గోడగడియారాన్ని అడిగి చూశా. అలాగైతే ‘నిద్రపోతున్నాడు’ తీసేసి, ‘కారణం తెలియరాలేదు’ అని పెడతారట. తెలియరాలేదు! ఇరవై ఆరు పేజీలు నా చేతిలో పెట్టుకుని తెలియరాలేదనాలి. జనం మళ్ళీ ఆయన వైపే చూస్తారు.

మొత్తం వెయ్యి. రిపోర్టు చూశామని, వాల్వు కట్టిందెవరో, కట్టమన్నదెవరో, అరిచిందెవరో. నిద్రపోయాడని ముందు రాసింది ఫిట్టరు కూతురని కూడా వెయ్యి. …నేనేం బాధపడను. అంటే… పడతా. వెయ్యి.

…ఏంటి? …ఎవరు? …బావా, ఫోను స్పీకర్లో ఉందా?

అక్కా… ఎప్పట్నుంచి వింటున్నావ్?

…ఎవరూ అడగలేదు నన్ను రాయమని. …అవును, నాకు పనిలేకే. …తిట్టు. తిట్టవే, పడతా. కానీ కాగితం చేతికొచ్చాక చూడకుండా ఎలా ఉంటాను? …నాన్న మీద నాకు ప్రేమ లేకనా? నా దగ్గర నాన్నవి రెండే రెండు జ్ఞాపకాలు ఉన్నాయక్కా, నీకు బోలెడు. ఆ రెండూ పెట్టుకునే మూడు వారాలు రాశాను.

…ఏంటి?

…మళ్ళీ చెప్పు.

…ముందు రోజా? …నిద్ర పట్టక లేచి కూర్చున్నాడా. నువ్వు దుప్పట్లోంచి విన్నావా… ఏమన్నాడు?

‘తీగ కట్టి వచ్చాను, భయంగా ఉంది.’

…అమ్మ?

…‘పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యి, ఉద్యోగం పోతే పిల్లలెలా.’ …అమ్మ అందా? …అంటే… అక్కా, అమ్మకి తెలుసా?

…ఏడవకు. నీకు తొమ్మిదేళ్ళు అప్పుడు, నువ్వేం చేస్తావ్? …ఏడవకే.

…తిట్టింది అందుకేనంటావా. నలభై ఏళ్ళు ఆయన్ని… ఊ. అయ్యుంటుంది. ఆయన్ని తిట్టకపోతే ఇంకెవర్ని తిట్టాలి? తనని తాను తిట్టుకోవాలి. పాపం అమ్మ. …పాపం అమ్మే. కానీ ఆయన కూడా పాపమే కదక్కా.

చూడు, ఎంత చోద్యమో. అమ్మకి తెలుసు. నీకు తెలుసు. ఆయనకి తెలుసు. తెలిసినవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. ఏమీ తెలియనిదాన్ని నేనొక్కదాన్నే… నేను రాశాను.

…అమ్మ పోయాక వేద్దామా? …అమ్మకి డెబ్బై నాలుగు. ఆయనకి ఎనభై ఒకటి. ముందెవరు పోతారో చూస్తూ కూర్చుందామా? …కఠినంగా ఏమీ మాట్లాడట్లేదు. అలసిపోయాను. ఇక మొయ్యలేను. ఒకసారి మళ్ళీ అడుగుతా, నువ్వే చెప్పు. ఆ పిల్ల చేత ఇంకోసారి క్లాసులో ఆ వాక్యం చదివించమంటావా?

…ఊ.

…ఊ. సరే. బావకివ్వు.

బావా, ఆదివారం వెయ్యి. …అక్క సరేనంది. నీ పక్కనేగా ఏడుస్తోంది, చూడు. …ఫోటోలు ఇప్పుడే పంపిస్తా. పంతొమ్మిదో పేజీ మసగ్గా ఉంటుంది, కావాలంటే శనివారం వెళ్ళి మళ్ళీ తీస్తా.

…అమ్మకా? అమ్మకి కళ్ళు ఆనవు కదా ఇప్పుడు. పేపరు నేనే చదివి పెడతా, రోజూ, కాఫీ తాగుతుంటే. మొదటి పేజీ నుంచి చివరిదాకా వదలదు.

…లేదు. దాటెయ్యను. చదువుతా.

…ఏమంటుందో నాకేం తెలుసు? ఏమైనా అంటే బావుణ్ణు.

…ఉంటా బావా. కౌంటర్ దగ్గర ఎవరో చీటీ పట్టుకుని నిలబడ్డారు… ఆ, వస్తున్నానండీ, ఒక్క నిమిషం… పెట్టేస్తున్నా.