దాలమ్మ గారి రికార్డులో ఒక్క సవరణ

రెండు వేల ఒకటవ సంవత్సరం సెప్టెంబరు మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు, రాయపూర్ దేవేంద్ర నగర్‌లోని మన జనప్రతినిధి అభిలేఖ కేంద్రంలో శ్రీమతి బొడ్డేపల్లి దాలమ్మ గారు రికార్డు సహాయకురాలిగా చేరారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి పది నెలల వయస్సు, కేంద్రానికి మూడు నెలల వయస్సు. బల్లలు రెండు, కుర్చీ ఒకటి. ఆ ఒక్క కుర్చీలో సంచాలకులు రామమూర్తి గారు కూర్చుంటే మిగిలినవారంతా నిలబడి పనిచేసేవారట! మూడవ రోజుకల్లా దాలమ్మ గారు ఇంటి నుంచి రెండు పీటలు తెచ్చి వేశారు. ఇరవై నాలుగేళ్ల సేవ అక్కడ మొదలైంది.

హిందీ వ్యాసాలతో నిండిన ఈ అభినందన సంచికలో ఒక్కటైనా తెలుగులో ఉండి తీరాలని పట్టుబట్టినవారు దాలమ్మ గారి అత్తగారు భ్రమరాంబ గారు. కోడలి గురించి ఎవరో చదివి అర్థం చెబితే విని ఊరుకునే పెద్దావిడ కాదు ఆమె. ఎనభై ఆరేళ్ల వయస్సులోనూ కళ్లద్దాలు పెట్టుకుని తానే చదవాలి. కార్యాలయంలో తెలుగు రాయగలవాడు ఈ వ్యాసకర్త ఒక్కడే గనుక ఈ భాగ్యం ఇతనికి దక్కింది. టెక్కలి ప్రాంతం నుంచి రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారానికి వలస వచ్చిన కుటుంబంలో దాలమ్మ గారు జన్మించారు; అదే కర్మాగారంలో పనిచేసిన దుర్గారావు గారిని వివాహమాడారు; పదమూడేళ్లు ఒక ప్రైవేటు పాఠశాలలో హిందీ బోధించారు. ఆంధ్ర నుంచి వచ్చినవారి అమ్మాయి హిందీవారి పిల్లలకు హిందీ వ్యాకరణం దిద్దిందంటే, ఆమె కన్ను ఎంతటిదో వేరే చెప్పాలా?

మన కేంద్రం చేసే పని ఏమిటో కుటుంబ సభ్యుల కోసం ఒక్క మాటలో చెప్పుకోవాలి. శాసనసభ్యులు దేశమంతటికీ సంబంధించిన విధానాల మీద, అంటే భూసేకరణ, ఆహార భద్రత, మహిళా రిజర్వేషన్, వరి మద్దతు ధర వంటి వాటి మీద, ఎప్పుడు ఎక్కడ ఏమన్నారో పత్రికల నుంచి కత్తిరించి, ఒక్కొక్కరి ఫైలులో అంటించి, ఎన్నికలకు ముందు చిన్న పుస్తకంగా ఓటర్ల చేతిలో పెట్టడం. దాలమ్మ గారు వచ్చాక ఆ పనికి ఒక క్రమశిక్షణ వచ్చింది. సభ్యుని వైఖరిని ఆయన సొంత మాటల్లోనే, తేదీతో, స్థలంతో రాయాలి. మన విశేషణం ఒక్కటీ పడకూడదు. పక్కన ‘అనుకూలం’, ‘ప్రతికూలం’, ‘చెప్పలేదు’ అనే మూడు గడుల్లో ఒకదానిలో గుర్తు పెట్టాలి. ఈ మూడవ గడి అంటే నాయకులకు ఒళ్లు మంట. ఒక సభ్యుడు మండిపడుతూ వచ్చి, “దీదీ, మై చుప్ థోడీ థా!” అని బల్ల చరిచారు. తాను మౌనంగా లేనని ఆయన వాదన. దాలమ్మ గారు కలం తీసి, “ఠీక్ హై భయ్యా, తారీఖ్ బతాఇయే” అన్నారు. ఆయన తేదీ కోసం చాలాసేపు ఆలోచించి, చివరకు టీ తాగి వెళ్లిపోయారు.

ఆమె ఎంతో శ్రద్ధగా నిర్వహించిన ఫైళ్లలో శాసనసభ్యులు గిరిధర్ దేవాంగన్ గారిది ఒకటి. రెండు వేల మూడులో తొలిసారి గెలిచిన ఈయన రైతు కుటుంబీకుడు. ఉపాధి హామీ కూలి పని జరిగిన వారంలోనే చేతికందాలన్నారు. మద్దతు ధర ఢిల్లీలో కాదు, ధాన్యం కాటా దగ్గర అమలు కావాలన్నారు. ఏ పార్టీ వేదిక ఎక్కినా అదే మాట చెప్పేవారు కనుక ఈయన ఫైలు రాయడం హాయిగా ఉండేదని దాలమ్మ గారే అనేవారు. అటువంటి ఫైలులోనే తప్పు దొర్లింది. ఆ తప్పు కథ చెప్పకుండా ఈ అభినందన పూర్తి కాదు.

రెండు వేల ఏడు డిసెంబరులో కేంద్ర భూసేకరణ చట్ట సవరణ మీద దేశమంతటా చర్చ సాగుతున్నప్పుడు గిరిధర్ గారు తన నియోజకవర్గంలో ఒక సభలో మాట్లాడారు. “ఈ చట్టాన్ని సవరించవలసిందే, దేశానికి పరిశ్రమలు కావాలి” అన్నంతవరకు పత్రిక మొదటి పేజీలో వచ్చింది. శేషం తొమ్మిదవ పేజీకి పోయింది. కాగితానికి రెండు ముఖాలుంటాయి గనుక, ఒక వైపు కత్తిరిస్తే రెండో వైపు వార్త నాశనమవుతుంది గనుక, ప్రతి పత్రికనూ రెండేసి ప్రతులు తెప్పించాలన్నది మన నియమం. ఆ రోజు ఒక్క ప్రతే వచ్చింది. తొమ్మిదవ పేజీ వెనుక, పదవ పేజీలో, పొరుగు నియోజకవర్గపు సభ్యుడు వంతెనకు రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో ఉంది. కత్తెర పట్టిన ఉద్యోగి ఆ ఫొటోను చక్కగా కత్తిరించి, మైదా జిగురు దట్టంగా పూసి, పొరుగు సభ్యుని ఫైలులో అంటించేశాడు. శేషం జిగురులో పడింది. ఆ ఉద్యోగి మరెవరో కాదు, అప్పటికి చేరి నెలైనా నిండని ఈ వ్యాసకర్తే.

మరుసటి అక్టోబరులో ఎన్నికల పుస్తకం వెలువడింది. భూసేకరణ సవరణకు గిరిధర్ గారు ‘అనుకూలం’ అని అందులో ఉంది. వారం తిరగకముందే ఆయన ఊళ్లలో గోడల మీద ‘పొలాలు అమ్మేవాడు’ అని రాతలు వెలిశాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఒంటరిగా కార్యాలయానికి వచ్చి కూర్చున్నారు. ఇచ్చిన టీ ముట్టలేదు.

“దీదీ, నేను అనని మాట మీ పుస్తకంలో ఉంది. మీ పుస్తకంలో ఉందంటే మావాళ్లకు నా మాట మీద కూడా నమ్మకం పోయింది. నిన్న మా వదిన అడిగింది, మన పొలం కూడా ఇచ్చేశావా గిరిధర్ అని” అన్నారు హిందీలో. ఓటు పోతుందని కాదు, వదిన అలా అడిగిందనే ఆయన బాధ.

దాలమ్మ గారు వాదించలేదు. ఫైలు తెరిచి, కత్తిరింపు అడుగున ఉన్న సన్నని అక్షరాల మీద వేలు పెట్టారు.

“ఏటి ధనుంజయ్, శేషం తొమ్మిదో పేజీలో అనుంది కదా ఇక్కడ. మరి తొమ్మిదో పేజీ ఏదీ?”

ధనుంజయ్ అనే ఈ వ్యాసకర్త పత్రిక కార్యాలయానికి పరుగెత్తితే అక్కడ నగర సంచిక మాత్రమే భద్రపరిచారు. ఈ వార్త గ్రామీణ సంచికలోది. అప్పుడు దాలమ్మ గారు ఆ తేదీన ఏ ఫైలులో ఏమి అంటించామో చిట్టాలో చూసి, పొరుగు సభ్యుని ఫైలు తెప్పించి, టీ గిన్నె ఆవిరి మీద ఆ కాగితాన్ని పట్టి, తడిగుడ్డ అద్దుతూ, పసిపిల్ల కాలిలో ముల్లు తీసినంత ఓపికతో గంటన్నర కూర్చుని ఊడదీశారు. వెనక్కి తిప్పగానే గిరిధర్ గారి మాట బయటపడింది: “అయితే ఆ సవరణ గ్రామసభకు బలమిచ్చేదిగా ఉండాలి. గ్రామసభ ఒప్పుకోకుండా పొలం గట్టు కూడా కదపకూడదు. ఇప్పుడు తెచ్చిన సవరణను నేను వ్యతిరేకిస్తున్నాను.”

రామమూర్తి గారు సజ్జనులు, కానీ భయపడ్డారు. ఎన్నికల ముంగిట మనమే తప్పు చేశామని చాటితే ఇక ఏ పార్టీ మనల్ని నమ్ముతుందని, వచ్చే సంచికలో చిన్న సవరణ వేద్దామని అన్నారు.

“వచ్చే సంచిక ఐదేళ్లకి బాబూ! అప్పటికి ఆయన ఇంటికాడ కూకుంటారు. తప్పు ఎంతమంది చదివారో, దిద్దిందీ అంతమందీ చదవాలి. లేపోతే ఈ పుస్తకాలెందుకు, చింపేద్దాం” అన్నారు దాలమ్మ గారు. రామమూర్తి గారు సరేనన్నారు.

మర్నాడు ఇంట్లో తమ పెళ్లి ఫొటో పటం విప్పి, దాని గాజుకు మరొక గాజు జతచేసి, మధ్యన ఆ కత్తిరింపు పెట్టారు, రెండు వైపులా చదవడానికి వీలుగా. గిరిధర్ గారు తన కారు పంపుతానంటే, “వద్దు భయ్యా. మీరూ రావద్దు. మీరొస్తే నా మాట మీ మాటైపోతుంది” అని నచ్చజెప్పారు. ఈ వ్యాసకర్తను వెంటబెట్టుకుని బస్సెక్కి ఆయన నియోజకవర్గపు పెద్ద సంతకు వెళ్లారు. వేదిక లేదు, జెండా లేదు. విత్తనాలు అమ్ముకునే ఆటోవానిని బతిమాలి మైకు పుచ్చుకుని, ఛత్తీస్‌గఢీలో, “ఏ గల్తీ మోర్ హే” అని మొదలుపెట్టారు. ఈ తప్పు నాది అని అర్థం. కూరగాయల బేరాలు ఆగిపోయాయి. ఆమె ముందు వైపు చదివారు, గాజు తిప్పి వెనుక వైపు చదివారు, తర్వాత ఆ గాజు చేతులు మారుతూ సంతంతా తిరిగింది. ఒక ముసలమ్మ ముందుకొచ్చి, కాగితం కత్తిరించింది నువ్వేనా అని నిలదీసింది. మన దాలమ్మ గారు ఒక్క క్షణమైనా తడబడకుండా, “హౌ, దాయీ” అన్నారు. అవునమ్మా అని. అసలు దోషి పక్కనే నిలబడి ఉన్నాడు.

తిరుగు బస్సులో, ఎందుకలా అన్నారని అడిగితే వచ్చిన సమాధానం ఇది: “నువ్వంటే కత నీ చుట్టూ తిరుగుద్ది నాయనా. ఎవడీ ధనుంజయ్, ఎవడి మనిషి, ఎంత పుచ్చుకున్నాడు అని. ఈ నెల్లో నీ ఉద్యోగం ఖాయం అవ్వాల. ఇద్దరు పిల్లలు. నాకేటయితది? ఇంక ఆ మాట ఎత్తకు.” జరిగిన పొరపాట్లు నమోదు చేసే కేంద్రం తప్పుల పుస్తకంలోనూ, కత్తిరించినవారు అన్నచోట, ఆమె తన పేరే రాసుకున్నారు.

ఆ సంత ఫలితం ఊహకందనిది. గిరిధర్ గారు ఆ ఎన్నికలో గెలిచారు సరే. అంతకన్నా గొప్ప సంగతి, వేరు వేరు పార్టీల అభ్యర్థులు మన గుమ్మం ముందు వరుస కట్టి, “దీదీ, మా ఫైలులో శేషాలు ఏమైనా మిగిలాయా చూడండి” అని అడిగారు. పరువు పోతుందనుకున్న కేంద్రానికి ఆ రోజుతో పరువు పెరిగింది. రెండు వేల పదకొండులో దాలమ్మ గారు ముఖ్య రికార్డు అధికారి అయ్యారు. మరుసటి ఏడు కార్యాలయం నగరంలోనే ఉన్న తెలీబంధాకు మారినప్పుడు ప్రతి ఫైలునూ తన చేతులతో ఆటోలో ఎక్కించారు. ఆ తర్వాతి కాలంలో గిరిధర్ గారే ఒక పరీక్ష పెట్టారు. రెండు వేల పదిలో మహిళా రిజర్వేషన్ ఇప్పుడే వద్దన్న ఆయన, తన ఊళ్లలో మహిళా సర్పంచుల పాలన చూశాక, రెండు వేల పదిహేడులో కావాలన్నారు; పాత మాట తీసేయమని మొహమాటంగా అడిగారు. “పాతది ఉంటేనే కదా భయ్యా, మీరెంత దూరం నడిచారో తెలిసేది” అన్నారు దాలమ్మ గారు. ఆయన నవ్వేసి, తర్వాతి సభలో ఆ రెండు మాటలనూ తానే చదివి వినిపించారు. చప్పట్లు మోగిపోయాయి!

ఐదు ఎన్నికల పుస్తకాలు ఆమె చేతుల మీదుగా వచ్చాయి. వాటిలో ఆమె సంతకం కింద అబద్ధం ఒక్కటి కూడా లేదు. తప్పుల పుస్తకంలో మాత్రం ఒకటుంది. పదిహేడేళ్లుగా అది ఈ వ్యాసకర్త గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. కిందటి నెలలో ఆ పుటను ఆమె ముందు పెట్టి, దీన్ని దిద్దకుండా మిమ్మల్ని సాగనంపలేనని చెబితే, మొదట కసురుకున్నారు, తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

“సరే. నా పేరు మీద గీత కొట్టకు. కింద రాయి. తారీఖు వెయ్యి.”

ఆ పుటలో రాసినదే ఇక్కడ సహోద్యోగులందరి ముందు, కుటుంబ సభ్యులందరి ముందు అచ్చవుతున్నది: ‘డిసెంబరు 2007 నాటి కత్తిరింపు చేసినది గేదెల ధనుంజయ్. తప్పు అతనిది, మోసినది దాలమ్మ గారు. 30 జూన్ 2025.’ సాక్షి సంతకం రామమూర్తి గారు చేశారు.

ఈ జూలై ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి దాలమ్మ గారు, ఒకరి మాట కోసం తన మాటను పణంగా పెట్టిన ఆ పెద్ద మనస్సుతోనే, దుర్గారావు గారి తోడుగా, భ్రమరాంబ గారి చల్లని చూపులో, కీళ్ల నొప్పులూ కంటి మసకా దరిచేరని ఆరోగ్యంతో, ఇంకా ఎన్నో ఎన్నికలు చూస్తూ, మేము వేసే ప్రతి పుస్తకంలో తప్పులు వెదికి మమ్మల్ని కసురుతూ, నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని కేంద్రం ఉద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాడు ఆమె కాపాడిన ఈ ఉద్యోగి.

గేదెల ధనుంజయ్
రికార్డు అధికారి