నూకగింజంత ముక్క

మొగుళ్లపల్లిలో కొమురమ్మ ఇల్లు. ఆమె వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నాలుగడుగుల దూరంలో, గడప మీద, కొడుకు చందు, పొద్దున్నే జనగామ నుంచి బస్సులు మారి వచ్చిన కూతురు భాగ్య. తల్లికి వినబడదు కదా అని ఇద్దరూ గొంతు తగ్గించే తిప్పలు కూడా పెట్టుకోలేదు.

"మెల్లగ పట్టు అక్కా, చినుగుతది."

"ప్లాస్టిక్ కార్డు ఏడ చినుగుతదిరా. గీ పసుపేంది, గింత మందంగ?"

"అవ్వ శుక్రవారం శుక్రవారం బొట్టు పెడ్తది. ఏడాదాయె గదా."

"దవాఖానోళ్లు ఇచ్చిన కార్డుకా?"

"డాక్టరు ఏమన్నడో యాదికున్నదా? నీ చెవిల పెట్టిన ముక్క నంబరు దీంట్ల ఉన్నది, పానం లెక్క దాసుకో అన్నడు. అవ్వ తీసుకొచ్చి దేవునిగూట్ల పెట్టింది. నన్నేం జెయ్యమంటవ్?"

"ఏం జెయ్యకు. నంబరు సదువు."

"ముందుగాల అసలు సంగతి చెప్పు. రాత్రి ఫోన్ల సగమే చెప్పినవ్."

"నిన్న హన్మకొండ నుంచి దవాఖానోళ్లు ఫోన్ చేసిండ్రు చందూ. ఆపరేషన్ల అవ్వ చెవిల ఎముక బదులు ముక్క పెట్టిండ్రు సూడు, కంపెనీ ముక్క..."

"నూకగింజంత ఉంటదన్నరు."

"గదే. దాంట్ల ఒక లాటు, అంటె ఒక్కపారి చేసిన ముక్కలన్ని, మంచిగ లేవంట. మీద పూత లేస్తున్నదంట. కొంతమందికి లోపల వాచి..."

"వాచి?"

"ఏం లేదు. నువ్వు నంబరు సూడు."

"వాచి ఏమైతది అక్కా?"

"మల్ల చీము పడ్తదన్నరు. అంతే."

"అంతేనా? చెవి ఎన్కనే మెదడుంటది. నేను రాత్రి యూట్యూబ్ల చూసిన, ఆ చీము..."

"చూడకు. గవన్ని చూడకురా. నాకు ముందే బుగులైతున్నది. మానుకోటల ఒకామెకు మల్ల కోసి తీసిండ్రంట. గది ఇన్నప్పటిసంది నా నోట్లకు బుక్క పోలే."

"తీస్తె ఆమెకేమైంది?"

"అడగలే."

"అడగాలె గదా."

"బుగులుకు అడగలేరా. అడిగితె చెప్తరని అడగలే."

"సరే, సరే. ఏ నంబరు చెడ్డదంట?"

"చివరకు ఆరు, రెండు, తొమ్మిది ఉంటె చెడ్డది. చెయ్యి మీద రాసుకున్న, ఇగో."

"దవాఖాన కాయితాలల్ల లేదా నంబరు?"

"ఆ డాక్టరు ఆడ మానేసి పోయిండు. దవాఖాన వేరేటోళ్లు తీసుకున్నరు. పాత కాయితాలు దొరుకుతలేవు, మీ కార్డే సూడుండ్రి అంటున్నరు."

"తడిబట్టతోని తుడిస్తె పసుపు ఇంకింత పాముకుంటున్నది."

"గోరుతోని గీకకు."

"కరోనా అప్పటి శానిటైజర్ ఉన్నది బీరువల. ఆగు, తెస్త."

"జర పైలం. ఒక్క చుక్కనే."

"పోతున్నది అక్కా. పసుపు పోతున్నది, సూడు. ఆరు... ఆరే అది. దాని పక్కన..."

"చందూ."

"ఇంకొంచెం రుద్దనియ్యి."

"చందూ, ఆపు. అచ్చు పోతున్నది."

"పోతలేదు, పసుపు అది."

"నీ వేలికి నల్లగ అంటింది సూడు. ఆపమంటి గదరా."

"పక్కన ఉన్నది రెండా, ఏడా?"

"ఇప్పుడు ఆడ ఏం లేదు. తెల్లగున్నది."

"అక్కా, నేను కావాలని చెయ్యలే."

"నేననలే."

"ఆరు మాత్రం చూసిన. కండ్లార చూసిన."

"ఎందుకు చూసినవ్ మరి? అది గూడ చూడకపోతె అయిపోయేది."

"చందూ, మిరపకాయ ఎత్తుండ్రి బిడ్డా. వాన వచ్చేటట్టున్నది."

"ఎత్తుతం అవ్వా. జరసేపాగు."

"ఆఁ?"

"ఎత్తుతం అన్న! కూసో నువ్వు!"

"వానేందిరా, గింత ఎండ కొడుతుంటె?"

"పంట కల్లంల ఉంటె ఆమెకు రోజు గిదే పరేషాన్. ఇడిసిపెట్టు. ఇప్పుడేం జేద్దం?"

"నాదే తప్పు. ఇరవై ఏండ్లు చీము కారింది. దూది పెట్టుకోని నాట్లేసింది, పత్తి ఏరింది, ఎవ్వలనన్న ఒక్కమాట అన్నదా? నా బిడ్డ వాసనొస్తుందని అమ్మమ్మ పక్కన పండకపోతె నేనే ఓర్వలే. నేనే తోలుకపోయిన."

"లోపల ఎముక తింటున్నది, ఇట్లనే ఇడిసిపెడితె పానానికే మోసం అన్నడు గదా డాక్టరు. చేపియ్యకపోతె ఏమయ్యేదో."

"మత్తుసూది ఇయ్యంగ నా చెయ్యి పట్టుకున్నది సూడు, గోర్లు దిగినయి. ఇగో, మచ్చ ఇంకున్నది. అవ్వ గట్ల భయపడుడు నేనెన్నడు చూడలే. నాయిన పోయిన్నాడు గూడ చూడలే."

"ఇంటికొచ్చినంక మూడు దినాలు మాట్లాడలే మాతోని."

"నేను మతిలేనిదాన్ని, గప్పుడే ఎడమ చెవి ముచ్చట తీసిన."

"అవునే. ఇది మంచిగైతె అది గూడ చేపిద్దమని చేతులు తిప్పి తిప్పి చెప్పినవ్. అవ్వ మొఖం ఎట్లనో అయింది."

"ఇప్పుడు ఈ ఒక్కదానికే దిక్కులేదు. చీమైతె ఆగింది, ఇనవడుడు మాత్రం రాలే. దసరా ముంగట డబ్బ అసోంటి గదిల కూసోబెట్టి పరీక్ష చేసిండ్రు. సప్పుడు ఇనవడంగనే చెయ్యి లేపు అని చేసి చూపిచ్చిండ్రు. అద్దంల నుంచి చూసుకుంట నేను మొక్కుతనే ఉన్న. ఒక్కసారన్న లేపితె గదా. చేతులు ఒళ్లె పెట్టుకోని కూసున్నది."

"ఫోన్ చెయ్ అక్కా. నంబరు పోయిందని చెప్పు. కొత్త డాక్టరు ఏమంటడో చూద్దం."

"నువ్వు చెయ్."

"నేనేం చెప్త? నీకే తెలుసు అన్ని."

"హలో సార్... కొమురమ్మ బిడ్డను సార్, మొగుళ్లపల్లి... కార్డు ఉన్నది, అచ్చు చెరిగిపోయింది... చివరి మూడింట్ల మొదటిది ఆరు అంటున్నడు మా తమ్ముడు... లేదు సార్, చీము లేదు. నొప్పి అంటలేదు... ఇనవడుతదా అంటె... లేదు సార్. ఏడాదైంది, ఏం ఇనవడ్తలేదు... ఆఁ... ఆఁ సార్... మూతి వంకర పోదు గదా సార్?... రేపేనా?... సరే సార్."

"ఏమన్నడు?"

"నీళ్లియ్యి."

"ఇగో. ఏమన్నడు అక్కా?"

"నంబరు తెల్వదంటె అనుమానమే అన్నడు. ఇనవడేదైతె తియ్యకుండ నెలనెల చూసుకుంట ఉంచుదుము అన్నడు. ఇనవడనప్పుడు దాన్ని లోపల పెట్టుకోని రోజు బుగులువడుడెందుకు, తీసేద్దం అన్నడు."

"గది నిజమే గదా. పనిజెయ్యని ముక్క పోతె పోయేదేమున్నది? మూతి సంగతి ఏమన్నడు?"

"కాదు అని చెప్పలేం అన్నడు. మూతి నరం చెవి పక్కపొంటే పోతదంట."

"మరి అవ్వకెట్ల చెప్తవ్?"

"చెప్పద్దు."

"చెప్పకుండ ఎట్ల?"

"చెప్తె వస్తదా? పరీక్ష ఉన్నదని తోలుకపోదం. ఆడికి పోయినంక నేను చూసుకుంట."

"అవ్వను మోసం జేసి బల్ల మీద పండవెడ్తవా?"

"మల్ల నువ్వే చెప్పు. నువ్వే చెప్పురా ఏం జెయ్యాల్నో. దాన్ని గట్లనే ఉంచి, రేపు చీము మెదడుకెక్కితె నువ్వు చూస్తవా? నేను చూడలేను. నాకు చాత గాదు."

"ఏడ్వకు. అవ్వ ఇటే చూస్తున్నది."

"చూడనీ. ఇనవడదు గదా."

"సరే. రేపు ఆరింటి బస్సు. పరకాలల మారుదం. తిండి పెట్టొద్దు గదా పొద్దుగాల?"

"పెట్టొద్దు. పరగడుపున రమ్మన్నరు."

"ఆకలైతున్నదంటె?"

"నెత్తురు పరీక్ష అని చెప్త."

"అక్కా, నిజంగనే ఉరుముతున్నది. రేగొండ దిక్కు. ఇందాకటి సందే ఉరుముతున్నట్టున్నది, మనం చూసుకోలే."

"పట్టా పట్కరా. అవ్వా! లే, కాయ ఎత్తుదం! అవ్వా!"

"ఒర్రకు బిడ్డా."

"ఏందవ్వా?"

"ఒర్రకు, ఇనవడ్తది. దాన్ని తియ్యద్దని చెప్పు ఆ సారుకు. బోనాల డప్పు కాడ్నుంచి నాకు అన్ని ఇనవడ్తున్నయి. మంచిగైందంటె ఎడమ చెవి గూడ కోపిస్తవని, బుగులుకు చెయ్యి లేపలే."