సారమ్మ అవ్వ గరిజె అంచు

అధ్యక్షుల కుర్చీలో ఒద్దికగా ఒక అంచునే కూర్చున్న మా యజమాని జ్ఞానేశ్వర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వంటల వాసన బాగా తగులుతుందని వెనుక వరుసను ఏరి కోరి పట్టుకున్న నా మిత్రులకు, ఇవాళ పని నుంచి విశ్రాంతి తీసుకుంటున్న మా సారమ్మ అవ్వకు నమస్కారాలు.

నేను సాయిచంద్. సివిల్ ఇంజనీరింగ్ చదివి, మొయినాబాద్‌లో మన పీఓపీ సీలింగుల దుకాణంలో సూపర్‌వైజర్‌గా చేరాను. ఇతరులు పని చేస్తుంటే గంభీరంగా చూడటం నా ఉద్యోగం. ఈ విద్యలో నాకు సాటి రాగలిగినవారు జ్ఞానేశ్వర్ గారొక్కరే. (నవ్వులు) క్షమించాలి సార్, మాట జారింది, జీతం మాత్రం జారనివ్వకండి.

గోడకూ పైకప్పుకూ మధ్య నడిచే ఒక అంచు ఉంటుంది. బొద్దు వేళ్లను పక్కపక్కనే పేర్చితే, అవన్నీ నిద్రలో ఒకే వైపు ఒత్తిగిల్లినట్టుగా. పాతకాలపు వెండి పళ్లేల చుట్టూ, టేకు బీరువాల నెత్తిన, మహళ్ల కప్పుల కింద అదే అంచు. కాలేజీలో దాన్ని గాడ్రూన్ అని నేర్పారు. మన దుకాణంలో దాని పేరు గరిజె అంచు. ఎందుకంటే, ఒకరోజు పని నడుమ అచ్చు విరిగితే మేస్త్రీలందరూ ఆ ముక్కల చుట్టూ చేరి సంతాప సభ జరుపుతున్నారట. అప్పటిదాకా తట్టలు మోస్తున్న అవ్వ నిచ్చెనెక్కి, ఆరకముందే ఆ ప్లాస్టర్‌ను బొటనవేలితో మడిచి నొక్కుతూ పోయిందట, క్రిస్మస్‌కు గరిజెలు, అవే కజ్జికాయలు, మడిచినట్టే. “ఏందవ్వా ఇది?” అని జ్ఞానేశ్వర్ సార్ అడిగితే, “గరిజెలు తిననీకెనే వచ్చా నీకు? చేసుడు సూడలే?” అందట. (నవ్వులు) సార్ తలూపుతున్నారు, నిజమేనన్నమాట.

మిట్టమధ్యాహ్నం తలుపులింకా బిగించని ఇంట్లో, గాలిలో తెల్లటి పొడి తేలుతుంటే, పైన పరంజా పలక మీద అవ్వ మబ్బుల్లో కూర్చుని మబ్బుకు అంచు కుడుతున్నట్టుండేది. నేను బస్తాల మీద వెల్లకిలా పడుకుని చూసేవాణ్ణి. దాన్ని తనిఖీ అంటారు, స్విచ్చు దగ్గరున్న యాదయ్యన్నా, నవ్వకు. చూస్తూ ఉంటే ఆ అంచు కదిలేది. ఎక్కడో మొదలైన చిన్న అల తొందరేమీ లేకుండా నా వైపే వస్తున్నట్టు, అది చేరేలోగా నాకు నిద్ర పట్టేది. “సారూ, సూసింది సాలు, లేసి నీళ్లు దే” అని పైనుంచి మబ్బు గద్దించేది.

అయితే ఒక సంగతి. మనం తలుపుల కంటే ముందు వెళ్తాం, రంగుల కంటే ముందు వచ్చేస్తాం. దీపాలు మన తర్వాత వస్తాయి. వేళ్లు వంగడం లేదు, ఇక మానేస్తానని అవ్వ చెప్పిన రోజు, నీకేం కావాలవ్వా అని అడిగాను. “బత్తీలు ఏసినంక ఎట్లుంటదో ఒక్కపారి సూడాలె బిడ్డా” అంది.

చిల్కూరు దారిలో మనం చేసిన ఫామ్‌హౌస్‌కు సాయంత్రం అవ్వా నేనూ ఆటోలో వెళ్లాం. “ఎవలు గావాలె?” అన్నాడు వాచ్‌మన్. “ఎవలొద్దన్నా, సీలింగు గావాలె” అన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, “సార్ లేడు, పోండ్రి” అన్నాడు. అయినా గేటు బయటే నిలబడ్డాం. పొద్దు గూకింది. లోపల దీపాలు వెలిగాయి. కిటికీకి పరదా ఉంది. ఆ పరదా మాత్రం పసుపుపచ్చగా మెరుస్తూ ఉండిపోయింది. అవ్వ చాలాసేపు దాన్నే చూసి, “మంచిగనే ఉండొచ్చు తియ్యి” అని ఆటో ఎక్కింది.

(మంచినీళ్లు తాగి)

ఇవాళ అవ్వ వచ్చినప్పటి నుంచీ తలెత్తలేదని మీరు గమనించే ఉంటారు. వినయమని పెద్దలు మెచ్చుకున్నారు. వినయమూ కాదు, గినయమూ కాదు. ఈ చేవెళ్ల హాలు అంచు కూడా అవ్వ చేసిందే. గుమ్మంలోనే నాతో అంది: “బత్తీలెయ్యని అంచు నూనెల ఎయ్యని గరిజె లెక్క. నేను సూడ.” అంచు వెనుక దీపాలు పెళ్లిళ్లకే వేస్తామని హాలు మేనేజరు పట్టుబట్టాడు. ఇదీ పెళ్లేనన్నాను. పెళ్లికొడుకెవరన్నాడు. గొంతు సవరించుకుని ముందుకొచ్చాను. (పెద్ద నవ్వులు) జాలిపడి ఒప్పుకున్నాడు.

యాదయ్యన్నా, కిటికీల పరదాలు దగ్గరికి లాగెయ్, చీకటి కానీ. ఇప్పుడు స్విచ్చు నొక్కు.

(అంచు వెనుక దీపాలు వెలిగాయి. సారమ్మ తలెత్తి చూశారు.)

ఏమంటున్నావవ్వా? మైకు అందుకో, అందరికీ వినపడనీ.

“గా కంబం మీద జర వంకర వోయింది సూడు. గది నా బొటనేలే.”

(చప్పట్లు)

నా జేబులో ఇంకా రెండు పేజీల పొగడ్త ఉంది, అక్కడే ఉండనీయండి. హాలిచ్చినవారికి, వచ్చినవారికి, నా మాటలు ఓర్చుకున్నవారికి కృతజ్ఞతలు. వంటవాళ్లను కాసేపు ఆగమనండి. అవ్వ చాలనేదాకా స్విచ్చు దగ్గరికి ఎవరూ పోవద్దు.

సెలవు.