సర్వర్ గాల్లోకి లేచిన రోజు

సర్వర్ల విభాగం పెద్దాయన నోరు తెరిచాడంటే ఆఫీసు క్యాంటీన్‌లో కప్పులు చల్లారిపోవాల్సిందే. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఆ రోజు డ్రైవరూ, స్టోర్స్ గుమాస్తా ఆయన చేతికి చిక్కారు. వెనక బల్ల దగ్గర హెల్ప్‌లైన్ అమ్మాయి ఒక్కతే కూర్చుంది. మొన్న రోజంతా ఫోన్లో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

"పడవలవాళ్లకి రోజూ సముద్రం లోతుల పటాలు ఇస్తామా?" అని మొదలుపెట్టాడు బాబాయ్. "పెద్ద ఫైళ్లు కదా, కుదించి కట్టగట్టి పెడతాం. మొన్న డౌన్‌లోడ్ కావాల్సిన కట్ట కాస్తా తెర నిండా పిచ్చి అక్షరాలై పరుచుకుంది. ఎందుకంటావ్? ఇది కట్టరా నాయనా, చదవకు, దాచిపెట్టు అని బ్రౌజరుకి చెప్పే లైను మన సర్వర్‌లో లేదు. చెప్పకపోతే అది ఉత్తరమనుకుని చదివేస్తుంది. నేనెళ్లి ఫైలు రకం రాసి ఒక్క లైను పెట్టా. అంతే!"

"అంతేనా బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అంతేనా అంటావేంటి! కుడిచేతిలో టీ కప్పుంది, ఎడంచేత్తో కొట్టా. ఆ వేగానికి కీబోర్డు కాలిపోయి, చల్లారిన టీ మళ్లీ మరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫైళ్లు ఎంతలా కుదించుకుపోయాయంటే, సర్వర్ బరువు తగ్గిపోయి నేల మీంచి జానెడు లేచింది!"

"లేచిందా!" అన్నాడు గుమాస్తా.

"ఈ కళ్లతో చూశా. తాడేసి కిందికి లాగి, దాని మీదెక్కి కూర్చున్నా. అటు పటాలు రివ్వున దూసుకుపోయి, ఆ గాలికే పడవలన్నీ ఇంజన్లు ఆపేసుకుని ఒడ్డుకొచ్చేశాయి. దారి తప్పిన తిమింగలం ఒకటి మన పటం చూసుకుని ఇల్లు చేరిందట, పడవ నడిపేవాడే ఫోన్ చేసి చెప్పాడు!"

డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. కుర్చీ వెనక్కి తన్నేసి లేచింది.

"ఎవరు చేశారు సార్ మీకు ఫోను? నాకైతే ముప్పై తొమ్మిది మంది చేశారు. ముప్పై ఎనిమిది మందికి లోతులు అంకె అంకె చదివి వినిపించాను. ఆ లైను పాతదని పీకేసింది మీరు. ఏ గంటకి పీకారో కూడా మీ పేరుతో సహా సర్వర్‌లో ఉంది. ఆరుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి మీ సీట్లో కూర్చుని దాన్ని తిరిగి పెట్టింది నేను."

"అమ్మాయ్, ఏదో సరదాకి..."

"సరదానా? ముప్పై తొమ్మిదో ఆయన చేసినప్పుడు నేను ఇంకొకరికి చదువుతున్నాను, ఎత్తలేకపోయాను. ఆయన పడవ ఇసుకదిబ్బ ఎక్కేసింది. కాలు విరిగి ఆసుపత్రిలో పడున్నాడు."

ఆమె ఆ కాలు విరిగినాయన నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను బాబాయ్ ముందు ఠపీమని పెట్టింది.

"తిమింగలం సంగతి ఆయనకి చెప్పండి."

"ఎవరండీ?" అంది అవతల నీరసమైన గొంతు.

బాబాయ్ చేతిలో కప్పు కింద పెట్టాడు. డ్రైవరు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. గుమాస్తా బల్లకేసి చూస్తున్నాడు. అమ్మాయి కదల్లేదు.

"ఎవరండీ మాట్లాడేది?"

బాబాయ్ ఫోను మీదికి వంగాడు.

"నేనండీ," అన్నాడు వినీవినపడకుండా. "ఆ లైను తీసేసినవాణ్ణి."