మిగిలిపోయిన నట్టు

ఆ బల్ల మీద నట్టు ముట్టుకోకు అమ్మడూ... సరేలే, చేతిలోకి తీసేసుకున్నావుగా. అచ్చం మీ తాత పోలికే, కళ్ళతో చూసి ఊరుకోవడం చేతకాదు. ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే దొరికిందని మీ నాన్న తెచ్చిచ్చాడు, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటున్నా, అంతే. ఏమిటీ, కథేమైనా ఉందా అంటావా? మా బావ ఇంట్లో కథ లేని వస్తువు ఉండేదిటే? కూర్చో మరి. అటు కాదు, ఇటు రా, నాకూ ఈమధ్య వినపడ్డం తగ్గింది.

వినపడ్డం అంటే గుర్తొచ్చింది. యుద్ధంలో మీ తాత సైన్యం కోసం వాగుల మీద వంతెనలు కట్టేవాడు కదా, పక్కనే గుండు పడి ఎడమ చెవి పోయింది. ఒక చెవితో, ఒక విజిలుతో ఇంటికొచ్చాడు. పొద్దున్నే ఆ విజిలు ఊది, పిల్లల్ని వరసలో నిలబెట్టి, పళ్ళు తోమారో లేదో చూసేవాడు. మా అక్క, అదే మీ నానమ్మ, మొదటిరోజే చెప్పేసింది: "నా మీద గానీ ఊదారంటే పొయ్యిలో పెట్టేస్తా." ఆవిడంటే ప్రాణం ఆయనకి. ఎక్కడికెళ్ళినా ఎడమపక్కనే కూర్చోబెట్టుకునేవాడు. "ఎప్పుడూ అటేనా బావా?" అంటే, "కాపురం నాలుగు కాలాలు నిలబడాలిరా, ఏదో ఒక ఏర్పాటు ఉండాలిగా" అనేవాడు గుసగుసగా. అక్కవి పాము చెవులు, అది మర్చిపోయేవాడు పాపం.

ఏదో చెప్తున్నా... ఆఁ, నట్టు. కొత్త వస్తువు కనబడితే చాలు, దాని కడుపులో ఏముందో చూడాల్సిందే ఆయనకి. గోడ గడియారం, కుట్టుమిషను, ఆఖరికి పక్కింటివాళ్ళ రేడియో. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేసరికి ఒక మర మిగిలేది. ఒకటే, రెండు కాదు. "ఇదెక్కడిదండీ?" అని అక్క అడిగితే, "కంపెనీవాడు జాగ్రత్తకొద్దీ ఒకటి ఎక్కువ పెట్టాడే." గడియారం మాత్రం ఆరోజు నుంచీ పదకొండుకి పదమూడు కొట్టేది. "ఎక్కువే కొడుతోందిగా, తక్కువైతే అడుగు" అనేవాడు. యుద్ధం అయ్యాక మా ఊరి ఏటి మీద వంతెన కట్టే పని ఆయనకే వచ్చింది, దానికి సామాను తోలే లారీ నడిపేవాణ్ణి నేను. ఊరికంతా అదొక్కటే లారీ, ఆ ఉద్యోగం వేయించిందీ ఆయనే. ఒకరోజు నేను అన్నం తిని వచ్చేసరికి నా హారను విప్పి గుడ్డ మీద పరిచేశాడు! బిగించాక మామూలే, ఒక మర మిగిలింది. అప్పట్నుంచి బ్రేకు తొక్కితే హారను మోగేది. మలుపు మలుపుకీ నాకు తిట్లే. ఒళ్ళు మండిపోయింది.

ఇదిగో, ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా తెలీదు. వంతెన పూర్తయిన రోజు, నా పనిముట్ల పెట్టెలో అదనంగా పడి ఉన్న చక్రం నట్టు ఒకటి తీసి, మసి పూసి, వంతెన నట్ల ఖాళీ డబ్బాలో పడేశాను. మిగిలిన నట్టు చూసి ఆయన బుర్ర గోక్కోవాలి, నేను నవ్వుకోవాలి, అంతే నా ఆలోచన. తీరా డబ్బా ముందు చూసింది సామాను కాపలావాడు. మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది. "ఆయన కట్టిన వంతెనకి నట్టు మిగిలిందట!" టీకొట్టువాడైతే, "పదమూడు కొట్టే వంతెన నాకొద్దు బాబోయ్" అన్నాడు. జనం మళ్ళీ పడవెక్కారు. పడవవాడి మీసం నాలుగంగుళాలు లేచింది. పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, ఆదివారంలోగా జనం నడవకపోతే విచారణ అని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిందమ్మా. కానీ నాకు అప్పుడే పెళ్ళి కుదిరింది, ఆ లారీ ఉద్యోగం చూసే పిల్లనిస్తామన్నారు. మింగేశాను. ఆయన నట్టు చేతిలో తిప్పి చూసి, నా వంక చూసి, ఒకటే మాట అన్నాడు: "ఇసక నింపిన లారీ పైన పోనీండి, నేను కింద నిలబడతా."

ఆదివారం రెండు ఒడ్లూ జనం. ఆయన వంతెన కింద, ఒడ్డువార మోకాలిలోతు నీళ్ళలో, కవాతులో నిలబడ్డట్టు నిలబడ్డాడు. నేను పైన ఇంజను ఆన్ చేశానో లేదో, అక్క చీర ఎగదోపుకుని, మీ నాన్నని చంకనేసుకుని, మీ అత్తని చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. పక్కన నిలబడి ఏదో అంది. ఎడమపక్క కదా, ఆయనకి వినపళ్ళేదు. చుట్టూ తిరిగి కుడిపక్కకొచ్చి అరిచింది: "పడదన్నారుగా? మరి మాకేం భయం?" అంతే! మా బావ విజిలు తీసి ఊదాడు చూడూ, లారీ ఆపమని. పానా పట్టుకుని పైకెక్కి, ప్రతి బోల్టూ మళ్ళీ చూశాడు. మూడు గంటలు! "పెళ్ళాం వచ్చేసరికి నమ్మకం పోయింది" అని పడవవాడు ఒకటే ఈలలు. దిగుతూ నాతో అన్నాడు, "యుద్ధంలో కూడా ఇంత చెమట పట్టలేదురా." మళ్ళీ నలుగురూ కింద నిలబడ్డారు, నేను కదిలాను. సరిగ్గా నడిమధ్యకొచ్చేసరికి కింద వాళ్ళు గుర్తొచ్చి బ్రేకు తొక్కాను. "భోంయ్!" వంతెన కూలిందనుకుని టీకొట్టువాడు నీళ్ళలో దూకేశాడు. వంతెన? చెక్కు చెదరలా. సాయంత్రానికి జనం దాని మీద షికార్లు.

ఆ నట్టు ఇంటికి తెచ్చుకున్నాడు. ఏడాదికోసారైనా దాన్ని తిప్పుతూ, "ఒరే, ఇదెక్కడిదంటావురా?" అనేవాడు. "కంపెనీవాడు ఎక్కువ పెట్టుంటాడు బావా" అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. చిత్రమేమిటంటే, ఆ మాట అడిగేటప్పుడు మాత్రం నన్ను వినపడే కుడిపక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆఖరి రోజుల్లో, మంచం మీద కూడా, ఇటు రారా అని... పిచ్చి మనిషి, అన్నీ విప్పి చూశాడు గానీ ఇదొక్కటీ తెలుసుకోకుండానే పోయాడు.

ఏమిటి, వేలు పెట్టి అలా తడుముతున్నావు? ఒకవైపు ఏటవాలుగా ఉందా? ఉంటుంది మరి, చక్రం గుంటలో కూర్చోవాలిగా. వంతెన నట్టుకి రెండువైపులా చదునుగానే ఉంటుందా? ఏమో, నీ ఇంజనీరు చదువు నీది... ఏమన్నావు? ఇటొచ్చి చెప్పు. ఏ ఇంజనీరుకైనా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుందా? అంటే ఆయనకి మొదటిరోజే తెలుసా?

ఊళ్ళో లారీ ఒక్కటే కదమ్మా.

...

ఆ కిటికీ వెయ్యి, కాగితాలన్నీ ఎగిరిపోతున్నాయి. ఊహూఁ, బల్ల మీద వద్దు. ఇలా ఇవ్వు దాన్ని.