ఎవరూ తీసుకెళ్ళని బీరువా

నాలుగింటికి లారీ వస్తుందనగా, మూడుంపావుకి, లైబ్రరీ వెనకగదిలో బీరువా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు బైండరు ముసలాయన. జరగమంటోంది లైబ్రేరియన్, ఆయన మేనకోడలు.

“జరుగు మావయ్యా.”

“జరగను.”

“చిన్నపిల్లాడివా? జరుగు. నలభై పుస్తకాలు మూటలు కట్టాలి. ముప్పావుగంట కూడా లేదు.”

“కట్టి?”

“కట్టి లారీ ఎక్కించాలి. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? మూడేళ్ళుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పుస్తకం మిల్లుకెళ్ళి గుజ్జయిపోతుంది. రూలు అది. ఈ బీరువాలో ఒక్కదానికీ ముద్ర పడలేదు. ఇదిగో, చీటీ చూడు. ఆఖరి తేదీ పడి ఏడేళ్ళు.”

“చీటీ నువ్వు చూడు. నేను కుట్టు చూస్తాను.”

“కుట్టేంటి?”

“పోయిన వేసవిలో ఈ బీరువాలోవి ఎన్ని మళ్ళీ కుట్టాను?”

“నాకు గుర్తులేదు.”

“పదకొండు. అంతకుముందు ఏడాది తొమ్మిది. ఎవరూ చదవని పుస్తకానికి దారం ఎందుకు తెగుతుంది కోడలా? ఎలకలంటావా, అవి అంచులు కొరుకుతాయి గాని, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పవు. ఈ మూలలు చూడు, ఎంత జిడ్డో!”

“ఎవరో నిలబడి తిరగేస్తారేమో.”

“ఎవరో.”

“నాకేం తెలుసు?”

“నీకేం తెలుసులే పాపం. నీ కుర్చీలోంచి చూస్తే సరిగ్గా ఈ బీరువాయే కనిపిస్తుంది. అయినా నీకేం తెలుసు!”

“మావయ్యా, ఎత్తిపొడుపులు తర్వాత. ఇది ఖాళీ చేశానని నేను సంతకం పెట్టి పంపాలి. పంపకపోతే ఈ ఊరి లైబ్రరీకి నేను అక్కర్లేదంటారు. అయినా ఈ కథల్లో ఏముందని? ఎవడో పెత్తనం చేస్తాడు, ఎవడో నలిగిపోతాడు. లేదా జ్వరంలో వచ్చే కలలాగా తలాతోకా లేని సంగతులు. మనిషికి ఉన్న దిగులు చాలదా?”

“కుర్చీ గుమాస్తా కథ చదివావా?”

“లేదు.”

“వాడి కుర్చీ రోజుకి బొటనవేలంత పెరుగుతుంది. మొదట కాళ్ళు నేలకి అందవు. అందరికీ కనిపిస్తుంది, ఒక్కడూ అనడు. పైగా కాగితాలు కర్రకి కట్టి పైకందిస్తారు. వాడు అక్కణ్ణుంచే ముద్రలు వేస్తుంటాడు. చివరికి తల పైకప్పుకి తగిలి...”

“తగలదు. కప్పుకి కన్నం పెడతారు. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకుంటాడు, వాడు మెడ పక్కకి పెట్టి థాంక్స్ చెప్తాడు.”

“చదవలేదన్నావే?”

“ఆ దారపుండ ఇలా ఇవ్వు.”

“ఆ మెడ పక్కకి పెట్టడం నూట నలభయ్యో పేజీలో ఉంది. అక్కడిదాకా వచ్చావన్నమాట.”

“మధ్యాహ్నం జనం లేనప్పుడు, ఊరికే. మావయ్యా, నెమ్మదిగా మాట్లాడు, హాల్లో వినిపిస్తుంది.”

“ఆ పేజీ చదివాక ఏం చేశావు?”

“ఏం చేస్తాను? నా కాళ్ళు నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకున్నాను. తృప్తిగా ఉందా? జరుగు.”

“అమ్మాయీ, లోపలికి రావచ్చా?”

“రండి నర్సమ్మగారూ. కానీ ఇవాళ ఈ గది...”

“హాల్లో గుసగుసలు. ఈ బీరువా తీసేస్తున్నారటగా?”

“అవునండీ.”

“ఇవాళేనా?”

“నాలుగింటికి.”

“అదేంటమ్మా! నాది ఇంకా పన్నెండు పేజీలుంది.”

“మీది ఏది నర్సమ్మా?”

“పర్మిట్ కథ, బైండరుగారూ. ఆ దేశంలో ఏడవాలంటే పర్మిట్ కావాలి కదా. మొగుడు పోయినావిడ పర్మిట్ కోసం క్యూలో నిలబడుతుంది. రోజులు, నెలలు. క్యూలోనే వండుకుంటారు, క్యూలోనే పెళ్ళిళ్ళు చేసుకుంటారు. ఇప్పుడు ఆవిడ కిటికీ దగ్గరికొచ్చింది. గుమాస్తా దేనికి అని అడిగాడు. ఆవిడకి గుర్తు రావట్లేదు. అక్కడ ఆపాను నిన్న, కాళ్ళు లాగి.”

“అంత ఘోరం ఎలా చదువుతారండీ?”

“ఘోరమా? అమ్మాయీ, ముప్ఫయ్యేళ్ళు ఆసుపత్రిలో చేశాను. వార్డులో ఏడవకూడదు, అది మాకు రూలు. ఇంటికొచ్చేసరికి ఏడుపు ఎక్కడో పడిపోయేది. అది నాకొక్కదానికే అనుకున్నాను. ఎవరో మహానుభావుడు, నన్ను చూడకుండా, నా పేరు తెలియకుండా, నన్ను ఆ క్యూలో నిలబెట్టి రాశాడు. మంచిగా ముగిసే కథలు మా కోడలు చదువుతుంది. నాకు అవి చదివితే ఒంటరిగా ఉంటుంది.”

“విన్నావా కోడలా?”

“విన్నాను. నర్సమ్మగారూ, అంత ఇష్టమైనప్పుడు ఇంటికి తీసుకెళ్ళి కూర్చుని చదువుకోవచ్చుగా? ఒక్కసారి తీసుకెళ్ళి ఉంటే దానికి ముద్ర పడేది. బతికి ఉండేది.”

“తీసుకెళ్తే పేరు రాస్తావుగా.”

“రాస్తాను.”

“శనివారం శనివారం ఆ పేర్ల లిస్టు పైకి పంపుతావుగా.”

“పంపమన్నారు, పంపుతున్నాను.”

“అదీ సంగతి. మా అబ్బాయి పనిచేసేది పై ఆఫీసులో. వాళ్ళమ్మ ఏం చదువుతోందో వాళ్ళ దొర చదవడం నాకిష్టం లేదు. అప్పటి పోస్ట్‌మాన్‌ని చూడు, లిస్టు మొదలైన వారమే ఈ బీరువాలోది ఒకటి తీసుకెళ్ళాడు, నెల తిరక్కుండా బదిలీ.”

“వాడు బదిలీ కావాలని అప్పటికే రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు నర్సమ్మా.”

“అయితే మాత్రం? మరీ అంత దూరమా?”

“లిస్టు ఎవరు చూస్తారో నాకూ తెలీదండీ. ఎందుకు అడిగారో తెలీదు. అడిగితే ఏమవుతుందో అని అడగలేదు. ఏడేళ్ళ కిందట ఒక కాగితం వచ్చింది, ఈ వారం నుంచి పంపవలెను అని. అంతే. ఆ వారం నుంచి ఈ బీరువా చీటీల మీద తేదీలు ఆగిపోయాయి.”

“ఎవరు చూస్తారో నేను చెప్పనా?”

“నువ్వా మావయ్యా? నీకెలా తెలుసు?”

“ఎవడూ చూడడు.”

“మొదలుపెట్టాడు.”

“పుస్తకాల అట్టలకి కాగితం ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావు? పై ఆఫీసు చిత్తుకాగితాలే నాకు బస్తాల్లో వచ్చి పడతాయి. తడిపి, అంటించి, బరువు పెట్టి అట్టలు చేస్తాను. ఆ బస్తాల్లో నీలం కవర్లు. ఒక్కో దాని మీద నీ ముద్ర, నీ దారం, నీ ముడి.”

“నా ముడి అని నీకెలా తెలుసు?”

“నువ్వు ఎడంచేతి వాటం. నీ పీటముడి తిరగబడి పడుతుంది, చిన్నప్పుడు నీ జడరిబ్బను నేనే విప్పేవాణ్ణి. ఏడేళ్ళ కవర్లు. ఒక్క ముడి విప్పిన పాపాన పోలేదెవడూ.”

“నిజమా?”

“ఆ మూటలు మా షెడ్డులో ఇంకా ఉన్నాయి. వానాకాలం చెమ్మకి కొన్ని అతుక్కుపోయాయి గాని.”

“మరి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదేం బైండరుగారూ? మేమిలా గుమ్మం పక్కన నిలబడి, అడుగుల చప్పుడైతే వంటల పుస్తకం అడ్డం పెట్టుకుని...”

“చెబితే చదువుతారా? పర్వాలేదు, ఎవరూ చూడరు అంటే ఇంటికి తీసుకెళ్ళి దిండు కింద పెట్టి నిద్రపోతారు. గుండె దడదడలాడుతుంటే నిలబడి చదివారు గనకే ఆ క్యూలో మీరూ ఉన్నారు. ఆ దడ పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. ఇవాళంటే లారీ వస్తోంది.”

“ఒట్టేసి చెప్పండి.”

“ఒట్టెందుకు? రాయి కోడలా, మొదటి పేరు నాది. కుర్చీ గుమాస్తా కథ, ఇంకా ఆ అద్దాలు పెట్రేగిపోయిన ఊరి కథ, ఇంకోటి ఏదైనా. మనిషికి మూడుగా? బయటికెళ్ళిన పుస్తకాన్ని లారీ ఎక్కించకూడదుగా?”

“కూడదు. అది కూడా రూలే.”

“రాయి మరి.”

“మావయ్యా, నిజంగా రాసేస్తాను.”

“నా పేరు ముందు ‘శ్రీ’ పెట్టు. జన్మలో ఎవరూ పెట్టలేదు.”

“అయితే నాదీ రాయి అమ్మాయీ. పర్మిట్ కథ. ఇంకా పై అరలో ఆ రెండు, ఏవైనా సరే. ఉండు, హాల్లో వాళ్ళని పిలుచుకొస్తాను. ఆ టైలరు ఉన్నాడు, వాడు నాకంటే ముందునుంచీ నిలబడుతున్నాడు. బస్సు కండక్టరున్నాడు. డ్రాయింగ్ టీచరమ్మ...”

“నర్సమ్మగారూ, ఏం చెప్తారు వాళ్ళకి?”

“ఎవరూ చూడట్లేదని చెప్తాను! ఏమయ్యా టైలరూ, ఇటు రా. నువ్వూ రావమ్మా. పత్రిక కింద పెట్టండయ్యా, అది తలకిందులుగా ఉంది...”

“తోసుకోకండి. ఒక్కొక్కరూ. పేరు? చిరునామా? మూడు మించి కుదరదు. పేరు? నెమ్మదిగా చెప్పండి, పాళీ విరుగుతుంది. కండక్టరుగారూ, మీకు ఆ బల్లుల పార్లమెంటు కథ కావాలా, ఆయనకిచ్చేశాను, ఈ గడియారాల కథ తీసుకోండి.”

“వీళ్ళ మొహాలు చూడు కోడలా.”

“నన్ను మాట్లాడించకు, తప్పు రాస్తాను. టైమెంత?”

“నాలుగుకి ఆరు నిమిషాలుంది.”

“ముప్ఫైమూడు, ముప్ఫైఆరు... ముప్ఫైతొమ్మిది. అందరికీ అయ్యాయా?”

“అయ్యాయి. ఒకటి మిగిలింది.”

“ఎవరైనా ఉన్నారా ఇంకా? హాల్లో? ఎవరూ లేరా? మావయ్యా, నువ్వు...”

“నావి మూడూ అయిపోయాయి. రూలు రూలే.”

“అలా చూడకు నన్ను.”

“నేనేమన్నాను?”

“లిస్టు పంపేదాన్ని, నా పేరే నేను ఎలా...”

“నేనేమీ అనలేదమ్మా. నాలుగుకి నాలుగు.”

“...సరే. రాశాను. నలభై. తొందరలో అక్షరం వంకర పోయింది.”

“బాగానే ఉంది. ఎవరిదో తెలుస్తోంది.”

“మేడమ్! లారీ వచ్చింది. మూటలేవి?”

“లేవు డ్రైవరు బాబూ. అన్నీ జనం తీసుకెళ్ళారు.”

“అన్నీనా? ఈ బీరువాలోవి? సరేలెండి, నా నడుం బతికింది. అయితే శనివారం లిస్టు కవరివ్వండి, పై ఆఫీసులో ఇచ్చేస్తాను. అబ్బో, ఈసారి మందంగా ఉందే.”

“అవును. ఇక్కడ సంతకం పెట్టి తీసుకెళ్ళండి.”

“ఎందుకు నవ్వుతున్నారు మేడమ్?”

“ఊరికే. ముడి జాగ్రత్త.”

“వస్తానండీ.”

“...వెళ్ళిపోయాడు మావయ్యా.”

“వెళ్ళాడు.”

“ఏడేళ్ళ తర్వాత ఊపిరాడినట్టుంది. టైలరు పుస్తకాలు చొక్కాలో దాచుకోకుండా, చేత్తో పట్టుకుని వీధిలో నడిచి వెళ్ళాడు, చూశావా? నాకూ ఒక సరదా. పద, ఇప్పుడే మీ షెడ్డుకి వెళ్దాం. ఆ కవర్లు చూడాలి. నా ముడి నేనే విప్పుతాను.”

“ఏ కవర్లు?”

“మావయ్యా.”

“నేను అట్టలకి వాడేది చెప్పుల పెట్టెలు కదే.”